మనవల పేర వీలునామా, అమెరికా పన్ను

సంపాదకులకు,

గుంటూరు, విజయవాడల్లో రాసే వీలునామాల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: ‘నా కుమారుడు యావజ్జీవం అనుభవించి, అతని తదనంతరం నా మనుమలకు సర్వహక్కులతో చెందవలెను.’ దస్తావేజులు రాసేవారికి కంఠతా వచ్చిన మాట ఇది. కొడుకూ మనవలూ అమెరికా పౌరులైన ఇళ్లలో ఇప్పుడు దీని చుట్టూ రెండు పుకార్లు నడుస్తున్నాయి. మనవలకు నేరుగా రాస్తే అమెరికా 40 శాతం పట్టుకుంటుందని ఒకటి, మన ఊరి ఆస్తి జోలికి అమెరికా ఎన్నటికీ రాదని మరొకటి. ఈ రెండూ కొందరి విషయంలోనే నిజం.

ఆ పన్ను పేరు జనరేషన్ స్కిప్పింగ్ ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్. తరం దాటింపు పన్ను అనవచ్చు, అక్కడ దాన్నీ జీఎస్టీ అనే అంటారు. మన కిరాణా బిల్లు మీది జీఎస్టీకీ దానికీ చుట్టరికం లేదు. మనిషి పోతే అమెరికాలో ఎస్టేటు మీద, అంటే అతను వదిలి వెళ్లిన మొత్తం ఆస్తి మీద పన్ను ఉంది. ఆస్తి తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి వెళ్తే రెండుసార్లు పడుతుంది. కొడుక్కి అనుభవ హక్కు మాత్రమే ఇచ్చి అసలు ఆస్తి మనవడికి రాస్తే ఒకసారి తప్పిపోయేది. అంటే అచ్చంగా మన వీలునామా వాక్యమే. ఆ సందు మూయడానికి 1976లో చట్టం తెచ్చారు, అది పనికిరాక రద్దుచేసి 1986లో ఇప్పటి రూపంలో మళ్లీ పెట్టారు. రేటు 40 శాతం. ఒక్కో మనిషికి మినహాయింపు 2025లో 1 కోటి 39 లక్షల 90 వేల డాలర్లు. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో 2026 నుంచి కోటిన్నర డాలర్లు. కాబట్టి ఈ పన్ను నిజంగా కట్టే తెలుగు కుటుంబాలు కొద్దే. దెబ్బ తగిలేది ఎక్కువగా కాగితాల దగ్గర.

మొదట తేల్చుకోవలసింది ఇచ్చే తాతగారు ఎవరన్నది. ఆయన అమెరికా పౌరుడు కాకుండా, అక్కడ స్థిరపడకుండా బ్రాడీపేటలోనో పటమటలోనో ఉంటే, ఇక్కడి పొలం, ఇల్లు, బ్యాంకు డిపాజిట్లు మనవలకు ఎలా రాసినా అమెరికా తరం దాటింపు పన్ను లేదు. పుచ్చుకునేవాడు అమెరికా పౌరుడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పైగా ఆ ఆస్తి కొడుకు చేతికి పూర్తి హక్కుతో వస్తే అతని అమెరికా ఎస్టేటులో కలుస్తుంది. అనుభవ హక్కుగా వస్తే కలవదు. మన పాత వాక్యం ఈ చోట బాగా పనిచేస్తుంది. భార్య పేర అలాంటి హక్కు రాసేవారు మాత్రం వకీలుకు చూపించాలి. 1977లో సుప్రీంకోర్టు తేల్చిన తులసమ్మ కేసు తర్వాత, మనోవర్తి కింద స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారిపోవచ్చు. అప్పుడు ‘పిదప మనుమలకు’ అన్న మాట నిలవదు.

గ్రీన్‌కార్డు తీసుకుని కొడుకు దగ్గరే ఉండిపోయిన తల్లిదండ్రుల సంగతి వేరు. ఎస్టేటు పన్నుకు చూసేది ఏడాదిలో ఎన్నాళ్లున్నారన్న ఆదాయపు పన్ను లెక్క కాదు, ఇక అక్కడే ఉండిపోదామనుకున్నారా అన్నది. విజిటర్ వీసా మీద ఆరు నెలలు మనవల్ని చూసుకుని వచ్చేవారు సాధారణంగా దీని కిందికి రారు. అక్కడే స్థిరపడ్డవారికి మాత్రం తెనాలి మాగాణి కూడా అమెరికా ఎస్టేటులో భాగమే. వారు అదే వాక్యం రాసి ఉంటే, అనుభవ హక్కును అమెరికా చట్టం ట్రస్టులాగే చూస్తుంది. కొడుకు పోయిన రోజున, తాతగారి మినహాయింపులోంచి కేటాయించని భాగంపై 40 శాతం పడుతుంది; 706-జీఎస్(టి) ఫారం మరుసటి ఏడాది ఏప్రిల్ 15కల్లా వేయాలి. తండ్రి ముందే చనిపోయిన మనవడికి తాత రాసిస్తే తరం దాటినట్టు కాదు, ఆ మనవడు తండ్రి స్థానంలోకి వస్తాడు.

ఇక్కడే ఉన్నా చిక్కుకునేవారు మరికొందరున్నారు: యాప్‌లలో అమెరికా కంపెనీల షేర్లు కొన్నవారు, కొడుకు ఇంటి కాగితాల్లో పేరు పెట్టించుకున్నవారు. అక్కడ స్థిరపడని విదేశీయుడికి ఎస్టేటు మినహాయింపు 60 వేల డాలర్లే. అది దాటితే చనిపోయిన 9 నెలల్లో 706-ఎన్ఏ ఫారం వేయాలి, ఆ షేర్లు వీలునామాతో మనవడికి వెళ్తుంటే తరం దాటింపు లెక్కా తోడవుతుంది. అవే షేర్లను బతికుండగా బదిలీ చేస్తే విదేశీయుడికి అమెరికా గిఫ్ట్ పన్ను లేదు, కనుక ఇదీ లేదు. నగదు ఇవ్వదలిస్తే అమెరికా ఖాతా చెక్కు రాయకుండా ఇక్కడి బ్యాంకు నుంచి పంపడం క్షేమం.

మన వైపు 1985లో ఎస్టేట్ డ్యూటీ, 1998లో గిఫ్ట్ ట్యాక్స్ పోయాయి; తాత మనవడికిస్తే ఆదాయపు పన్నూ లేదు. కానీ విదేశీ మారకం చట్టం ఫెమా ఉంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్న మనవడికి మిర్చి పండే చేను గిఫ్ట్‌గా రాయకూడదు. వ్యవసాయ భూమి అతనికి వారసత్వంగానే రావాలి, అంటే వీలునామాయే దారి. గిఫ్ట్‌గా వచ్చిన ఆస్తికి అమెరికా లెక్కలో తాత కొన్న పాత ధరే నిలుస్తుంది, వారసత్వంగా వస్తే మరణించిన రోజు విలువ. ఎప్పుడో కారుచౌకగా కొన్న స్థలాన్ని మనవడు అమ్మే రోజున ఈ తేడా చాలా పెద్దది.

పన్ను లేకపోయినా చెప్పి తీరాల్సింది ఒకటుంది. విదేశీ వ్యక్తి నుంచి, వారి బంధువులవీ కలిపి, ఏడాదిలో లక్ష డాలర్లు దాటి గిఫ్ట్ గానీ వారసత్వం గానీ అందితే, అమెరికాలో ఉన్న మనవడు అక్కడి పన్ను శాఖకు 3520 ఫారం వేయాలి. గడువు ఏప్రిల్ 15, పొడిగింపుతో అక్టోబర్ 15. మానేస్తే అందిన మొత్తంపై నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా. ముగ్గురు మనవలుంటే, మైనర్లయినా సరే, మూడు ఫారాలు. తాత కాలేజీకే నేరుగా కట్టిన ట్యూషన్ ఫీజు మాత్రం ఈ లక్షలోకి రాదు.

ఇక అక్కడ బాగా సంపాదించి పిల్లల పేర, వారి పిల్లల పేర ట్రస్టులు పెడుతున్న కొడుకులు, కూతుళ్ల విషయం. అందరూ తప్పేది గిఫ్టుల లెక్క చెప్పే 709 ఫారం దగ్గర. ఏడాదికి ఒక్కొక్కరికి 19 వేల డాలర్ల లోపు ఇస్తే గిఫ్ట్ పన్ను లేదని ఫారం వేయరు. ఆ డబ్బు పలువురు లబ్ధిదారులున్న ట్రస్టుకు వెళ్తే తరం దాటింపు పన్నుకు ఆ 19 వేల సడలింపు వర్తించదు. ఒక్క మనవడికే చెంది, అతను పోతే అతని ఎస్టేటులోనే కలిసే ట్రస్టుకు తప్ప. కోటిన్నర మినహాయింపులో ఎంత ఏ ట్రస్టుకో ఫారంలో రాయాలి. 20 లక్షల డాలర్ల ట్రస్టుకు 15 లక్షలే కేటాయిస్తే పావు భాగం బయట ఉన్నట్టు. 40లో పావు, అంటే 10 శాతం పన్ను ఆ ట్రస్టును వదలదు. మనవడికి లక్ష డాలర్లిస్తే 10 వేలు అతనే కట్టాలి. ఆలస్యంగా కేటాయిస్తే ఆనాటి విలువ చూస్తారు: 5 లక్షలు పెట్టినది 9 లక్షలైతే 9 లక్షల మినహాయింపు ఖర్చవుతుంది. కొన్ని ట్రస్టులకు చట్టమే తనంతట కేటాయించేస్తుంది, అక్కర్లేకపోతే అదీ 709లోనే చెప్పాలి. భార్యాభర్తల్లో ఒకరు వాడకుండా మిగిల్చిన ఎస్టేటు మినహాయింపు, ఎస్టేటు పన్ను లెక్క చెప్పే 706 ఫారం వేసి రెండోవారికి తెచ్చుకోవచ్చు. తరం దాటింపు మినహాయింపు అలా రాదు, మనిషితోనే పోతుంది. అన్ని మినహాయింపులూ అయిపోయాక మనవడికి 10 లక్షల డాలర్లిస్తే 4 లక్షలు ఈ పన్ను, ఆ 4 లక్షలనూ గిఫ్ట్‌గా లెక్కకట్టి 14 లక్షల మీద 5 లక్షల 60 వేలు గిఫ్ట్ పన్ను.

ఇక్కడి పెద్దలు వీలునామాతో పాటు ఒక కవరులో పెట్టవలసినవి: దస్తావేజు నకళ్లు, పాస్‌పుస్తకం, మనవల పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే రాసిన పేర్లు, అమెరికా షేర్లుంటే ఆ ఖాతా వివరం. మరణించిన రోజు విలువకు రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు ఆ నెలల్లోనే తీయించాలి. నాలుగేళ్ల తర్వాత అమ్మేటప్పుడు వెనకటి తేదీకి విలువ అడిగితే దాన్ని అక్కడి అధికారి నమ్మడం కష్టం.

ఇట్లు,
ఒక పన్ను సలహాదారు,
లక్ష్మీపురం, గుంటూరు