మూడు గంటల బేరం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

విశాఖ కంచరపాలెంలో మాకో చిన్న కిరాణా షాపు ఉంది. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో లాక్‌డౌన్ అన్నారు. అర్ధరాత్రి నుంచే అమలు. కాసేపటికే మా షాపు ముందు జనం, కందిపప్పు మొత్తం ఖాళీ. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అప్పటికి కరోనా సంగతి ఎవరికి పూర్తిగా తెలుసు గనక?

తర్వాత సంగతే చెప్పాలి. అమ్మకాలు మొదట మధ్యాహ్నం దాకా అన్నారు. ఆ తర్వాత మా వైపు పొద్దున్న తొమ్మిదికల్లా షట్టర్ దించమన్నారు. టైం తగ్గిస్తే జనం తగ్గుతారనుకున్నారు కాబోలు. బియ్యం కావాల్సిన ఇళ్లు తగ్గవు కదండీ! రోజంతా విడివిడిగా వచ్చేవాళ్లు ఆ మూడు గంటల్లోనే వచ్చిపడ్డారు. నేను ముగ్గుపిండితో గీసిన గళ్లు ఏడు గంటలు కాకుండానే కాళ్ల కింద చెరిగిపోయేవి. ఎనిమిదిన్నర దాటితే అందరికీ టెన్షన్. "అన్నా, అరకిలో పంచదారే, ముందు నాకిచ్చెయ్" అంటూ ఒకరి భుజం మీంచి ఒకరు సంచీ చాపేవాళ్లు. జనాన్ని దూరంగా ఉంచడానికి పెట్టిన రూలే వాళ్లని అలా తోసింది.

ఈ మాట ఎవరికి చెప్పుకోవాలి? అప్పుడు మా వార్డుకి కార్పొరేటర్ లేరు. ఆ మాటకొస్తే మా విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఏ వార్డుకీ లేరు. 2012లో పాలకవర్గం గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. 2020లో జరగాల్సినవి కరోనా వల్లే వాయిదా పడ్డాయి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం జిల్లాలో కలెక్టర్ పక్కన ఎన్నికైన ప్రతినిధికీ కుర్చీ వేసింది. కానీ ఆ కుర్చీలో కూర్చోడానికి మన జడ్పీకి అప్పుడు పాలకవర్గమే లేదు.

2021 ఏప్రిల్‌లో స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్ రైల్లో మహారాష్ట్రకి వెళ్లింది. వెళ్లాల్సిందే, అక్కడివీ ప్రాణాలే. కానీ "మరి మనకెంత ఉంచారు?" అని షాపుకొచ్చినవాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అంకె చెప్పి ఉంటే సగం భయం తగ్గేది.

మళ్లీ అలాంటి రోజులొస్తే రెండు పనులు చేయండి. ప్రతి ఉత్తర్వులో ఎందుకు, ఎప్పటిదాకా, ఏం మారితే ఎత్తేస్తారు అన్నది తెలుగులో రాయించండి. ఎన్నికలు జరిగినా జరక్కపోయినా, వార్డుకో ఆశా వర్కర్‌నీ ఒక షాపువాడినీ అడిగాకే సంతకం పెట్టించండి. ఫోన్ చేస్తే చాలు. పొద్దున్న ఐదింటికే లేచి ఉంటాం.

ఇట్లు,
ఓ కిరాణా వ్యాపారి, కంచరపాలెం