పరిశోధన ఫలితం పంచాయతీకి చేరాలి

విశ్వవిద్యాలయాల పరిశోధనలు ప్రభుత్వ నిర్ణయాలకు ఆధారం కాకుండా గ్రంథాలయాల బీరువాల్లోనే మిగిలిపోతున్నాయి. దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఆ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ (తాగునీటిలో ఫ్లోరైడ్‌ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే వ్యాధి) గురించి వైద్య పరిశోధకులు వ్యాసం ప్రకటించారు. అయినా మా పల్లెల్లో గారపళ్ల పిల్లలు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. విద్యార్థులు వచ్చి, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొని, చేతిపంపు మీద సుద్దతో నంబరు వేసి వెళ్లడం మా మండలంలో పలుమార్లు చూశాను గానీ, ఆ నీటిలో ఫ్లోరైడ్‌ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని దాటిందో లేదో పంచాయతీకి చెప్పినవారు లేరు. పదోన్నతికి పరిశోధన పత్రికల్లో వచ్చిన వ్యాసాలకే ప్రాధాన్యం దక్కుతుంటే, కలెక్టరేట్‌ మెట్లెక్కే తీరిక ఆచార్యులకు మాత్రం ఎందుకుంటుంది? ప్రభుత్వ నిధులతో జరిగే ప్రతి పరిశోధన ముగియగానే, ఏ ఊరిలో ఏం చేయాలో, దానికి ఎంత ఖర్చవుతుందో వివరించే రెండు పేజీల తెలుగు నివేదికను గ్రామీణ నీటి సరఫరా విభాగానికీ, పంచాయతీకీ అందజేయడం తప్పనిసరి చేయాలి. అలా చేసిన పనిని పదోన్నతిలోనూ పరిగణించాలి. బడ్జెట్‌ ప్రతిపాదనలు ఖరారు కాకముందే జిల్లా పరిషత్‌ సమావేశంలో పరిశోధకులకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి, సిఫారసును తిరస్కరిస్తే అధికారులు అందుకు కారణాన్ని లిఖితపూర్వకంగా తెలపాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దర్శి, ప్రకాశం జిల్లా