చల్లని నీళ్ల పక్కన ఒక రాత్రి

తెనాలి
అక్టోబరు, ఆదివారం

చి॥ అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

మేం ఇల్లు చేరి పన్నెండు రోజులైంది. అమ్మకు ఇంకా పగలే నిద్ర ముంచుకొస్తోంది. మూడు నెలల దుమ్ము దులిపించేసరికి వారం పట్టింది. పెరట్లో కరివేపాకు చెట్టు మాత్రం మేం లేకపోయినా గుబురుగా ఉంది.

రోజూ వీడియో కాల్‌లో చూసుకుంటూనే ఉన్నాం, మళ్లీ ఉత్తరం దేనికి అనుకోకు. అక్కడ అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రం కొండల్లో మనిద్దరం వెళ్లిన కోల్చక్ సరస్సు దగ్గర రెండో రోజు పొద్దున నీకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. కొండ దిగుతూ చెబుదామనుకున్నాను. కారులో చెబుదామనుకున్నాను. ఎయిర్‌పోర్టులో నువ్వు కళ్లు తుడుచుకుంటుంటే అసలు నోరు పెగల్లేదు. కాగితం మీదైతే వస్తుందేమోనని కూర్చున్నాను.

31 ఏళ్లు సోషల్ చెప్పాను కదా. హిమానీనదాల పాఠం దాదాపు ఏటా వచ్చేది. బోర్డు మీద సుద్దముక్కతో కొండ గీసి, దాని ఒడిలో గిన్నె లాంటి గుంట గీసేవాణ్ని. మంచు వేల ఏళ్లు జారుతూ కొండను తొలిచిన చోట నీళ్లు నిలిస్తే సరస్సు అవుతుందని చెప్పేవాణ్ని. పిల్లలు రాసుకునేవాళ్లు. వాళ్లూ చూసింది కాదు, నేనూ చూసింది కాదు. కృష్ణా కాలువ గట్టున పుట్టి పెరిగినవాణ్ని, మంచు అంటే ధనుర్మాసంలో పొద్దున్నే పొలాల మీద పరుచుకునేదే నాకు తెలిసింది.

అందుకే నువ్వు మార్చిలో ఫోన్ చేసి "నాన్నా, పర్మిట్ వచ్చింది, సెప్టెంబరులో నువ్వు ఇక్కడే ఉంటావు, నాతో రా" అన్నప్పుడు వెంటనే సరేనన్నాను. సరస్సు చూడాలని ఉంది, అది నిజం. అయితే సగం కారణం వేరు. నువ్వు కొండల్లోకి వెళ్లిన ప్రతిసారీ ఇక్కడ నాకు రాత్రంతా టెన్షన్. నువ్వు అక్కడ ఏం చేస్తావో ఒక్కసారి కళ్లారా చూసి, ప్రమాదం ఎంతో లెక్కగట్టి, ఇక చాలమ్మా అని చెప్పాలనుకుని వచ్చాను. ఈ సంగతి నీకు తెలియదు.

పర్మిట్ సంగతి విని అమ్మ "మన తిరుమల లక్కీ డిప్ లాగే ఉందే" అంది. నిజంగా అంతే. మే 15 నుంచి అక్టోబరు 31 దాకా అక్కడ రాత్రి పడుకోవాలంటే ఫిబ్రవరిలోనే పేరు ఇచ్చుకోవాలి, లాటరీలో తగలాలి. రెండేళ్లు తగలక మూడో ఏడు తగిలింది నీకు. ఇంతమందినే రానిస్తారు కాబట్టే 1976లో చట్టం చేసి కాపాడుకున్న ఆ అడవి ఇంకా అడవిలా ఉంది. దారి పొడవునా ఒక్క బిస్కట్ కాగితం కనపడలేదు నాకు.

సామాను సర్దుకున్న రాత్రి మనకు చిన్న గొడవైంది, గుర్తుందా? నా మెత్తటి నూలు చొక్కాలు బ్యాగులో పెట్టుకుంటే నువ్వు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టేశావు. నూలు చెమటకు తడిస్తే ఒంటి మీద ఆరదు, చలిగాలి తగిలితే ఒంట్లో వేడంతా లాగేస్తుంది అన్నావు. మన ఎండలకు ప్రాణం నిలిపే బట్టే అక్కడ ప్రాణం మీదికి తెస్తుందంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం సరస్సు ఒడ్డున గాలి లేచాక, నువ్విచ్చిన ఉన్ని బనీను లోపల నేను వెచ్చగా ఉన్నప్పుడు నమ్మాను. అమ్మ రవ్వ వేయించి, తాలింపు కలిపి పొట్లాలు కట్టింది. మరిగే నీళ్లు పోసి మూత పెడితే ఉప్మా. అటుకులు, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి. నీ బ్యాగు 14 కిలోలు, నాది 6. నా స్లీపింగ్ బ్యాగ్ కూడా నువ్వే మోశావని పైకి చేరాక గానీ తెలియలేదు.

దారి నాలుగు మైళ్లు, ఎక్కుడు దాదాపు 2,300 అడుగులు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాణ్ని, ఇదెంత అనుకున్నాను. అలిపిరిలో నీడ ఉంటుంది, మంచినీళ్లు ఉంటాయి, కాళ్లు లాగితే కూర్చోవడానికి చోటు ఉంటుంది, పక్కనే గోవిందా అనే గొంతులుంటాయి. ఇక్కడ తాగే నీళ్లు కూడా వాగులోంచి వడపోసుకోవాలి. మొదటి రెండున్నర మైళ్లు హాయిగా ఉంది. దుంగల వంతెన దాటాం, దేవదారు వాసన, పక్కన వాగు చప్పుడు. దారి చీలిన చోట ఎడమకు తిరిగాక బండరాళ్ల గుట్ట వచ్చింది చూడు, అక్కడే నా ధైర్యం జారిపోయింది. అడుగు వేయబోయి జారి మోకాలు గీసుకుపోయింది. నువ్వు పరుగెత్తుకు రాలేదు. ఉన్నచోటే నిలబడి, "నాన్నా, కదలకు. ఎడమ కర్ర ముందు ఆనించు. ఇప్పుడు లే" అన్నావు. గొంతులో కంగారు లేదు. ఆ గొంతు విని నా కంగారు కూడా తగ్గింది. తర్వాత గాయం కడిగి కట్టు కట్టేటప్పుడు మాత్రం నీ చేతులు వణికాయి. చూశాను.

పైకి చేరాక సరస్సును చూసిన ఆ మొదటి క్షణం గురించి ఏం రాయను? నీలం కాదు, ఆకుపచ్చా కాదు. నెమలి మెడ మీద ఎండ పడితే ఒక్కోసారి కనపడే రంగు. మంచు కింద పడి నలిగిన రాయి పిండిలా మారి, నీళ్లలో తేలుతూ వెలుగును విరజిమ్మడం వల్ల ఆ రంగు. పాఠంలో ఇది కూడా ఉంది. పిల్లలకు చెప్పాను కూడా. కానీ చూసి చెప్పి ఉంటే ఇంకోలా చెప్పేవాణ్ని. సరస్సు 5,570 అడుగుల ఎత్తున ఉంది. మన తూర్పు కనుమల్లో జిందగడ శిఖరం ఇంచుమించు అంతే. అక్కడ కొండ కొస ఉండే ఎత్తులో ఇక్కడ నీళ్లున్నాయి. ఆ నీళ్ల మీద డ్రాగన్‌టెయిల్ శిఖరం మరో 3,000 అడుగులకు పైగా గోడలా లేచింది. దాని పక్కన మురికి తెలుపు రంగులో మిగిలిన మంచును చూపించి, "అదే నాన్నా నీ హిమానీనదం, ఏటేటా తగ్గిపోతోంది" అన్నావు. బోర్డు మీద నేను గీసిన దానికంటే చాలా చిన్నది. నాకు బాధేసింది. ఆలస్యంగా వచ్చాననిపించింది.

కోల్చక్ అంటే చల్లని నీళ్లని, అది ఆ ప్రాంతంలో ఒకప్పుడు వేరు వేరు తెగలు, వర్తకులు కలిసి మాట్లాడుకున్న చినూక్ జార్గన్ అనే కలగలుపు భాష మాటని చెప్పావు. కాళ్లు పెట్టి చూశాను. సరైన పేరే.

నువ్వు అక్కడ చేసిన పనులన్నీ నేను లెక్కపెట్టుకున్నాను. నీళ్లకు 200 అడుగుల దూరం అడుగులతో కొలిచి, అంతకుముందు ఎవరో పడుకున్న మట్టి నేల వెతికి అక్కడే టెంట్ వేశావు, గడ్డి తొక్కకుండా. మంట వెయ్యకూడదని చిన్న గ్యాస్ స్టవ్ మీదే నీళ్లు కాచావు. ఆ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి ఉప్మా ఇంకో ఐదు నిమిషాలు మూత పెట్టి ఉంచమన్నావు. తిన్నాక టూత్‌పేస్ట్‌తో సహా వాసన వచ్చేదంతా గట్టి డబ్బాలో పెట్టి దూరంగా దాచి వచ్చావు, ఎలుగుబంట్లు రాకుండా. పడుకునే ముందు నీళ్ల ఫిల్టరు తెచ్చి నీ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకున్నావు. ఎందుకంటే, రాత్రి గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు చిట్లిపోతాయి, బయటికి మాత్రం ఏమీ తెలియదు అన్నావు. చిన్నప్పుడు బొమ్మను పక్కలో వేసుకుని పడుకునేదానివి, అది గుర్తొచ్చింది.

రాత్రి చాలాసేపు బయటే కూర్చున్నాం. పాలపుంత అంత దట్టంగా నేను నా చిన్నతనంలో, ఊళ్లో కరెంటు లేని రోజుల్లో చూశాను. తర్వాత మళ్లీ అక్కడే. ఉత్తరానికి తిరిగి ధ్రువుడి కోసం పాత అలవాటు కొద్దీ కిందకే చూశాను. కనపడలేదు. నువ్వు నా గడ్డం పట్టుకుని పైకెత్తావు. ఎక్కడో సగం ఆకాశంలో ఉన్నాడు! తెనాలిలో 16 డిగ్రీల ఎత్తున ఉండేవాడు అక్కడ 47 డిగ్రీల మీద. అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తు అంత అని చెప్పింది నేనే. ఆ రాత్రి మాత్రం, మా ఇంటికి నువ్వు ఎంత దూరం వచ్చేశావో ఆ చుక్క చూసి కొలుచుకున్నాను.

ఒంటిగంటకు టెంట్ పక్కన గులకరాళ్లు కదిలిన చప్పుడైతే నా గుండె ఆగిపోయింది. ఎలుగుబంటి అనుకుని నీ చెయ్యి పట్టుకున్నాను. నువ్వు ఒక్క క్షణం విని, "గొర్రె కాదు, ఎలుగూ కాదు, కొండమేక నాన్నా" అన్నావు. టార్చ్ వేస్తే తెల్లటి బొచ్చు, నల్లటి కొమ్ములు. ఉప్పు కోసం వస్తాయట, మనుషుల మూత్రం పడిన మట్టిని కూడా తవ్వి నాకుతాయట. అందుకే సాయంత్రం నన్ను టెంటుకు దూరంగా రాతి మీదే పోసి రమ్మన్నావు. ఆ మాటకు కారణం అప్పుడు అర్థమైంది.

ఇక పొద్దున సంగతి.

సరస్సు పైనున్న ఆస్‌గార్డ్ కనుమ ఎక్కుదామన్నది నేను. రాత్రి నిద్ర పట్టకపోయినా ఒళ్లు తేలిగ్గా అనిపించింది. పైన ఇంకా సరస్సులున్నాయని, నెలాఖరుకు లార్చ్ చెట్లు బంగారం రంగుకు తిరుగుతాయని నువ్వే ఊరించావు. ఇంతదూరం వచ్చాం, మళ్లీ ఈ వయసులో వస్తానా అన్నాను. నువ్వు ఆ కనుమ వైపు చూసి, నా మోకాలు చూసి, వద్దన్నావు. మైలు కూడా లేని దూరంలో 2,200 అడుగులు, అంతా వదులు రాళ్లు. శిఖరం మీద మబ్బు ఉంది, తడిస్తే ఆ రాళ్లు నిలవవు. ఎక్కడం కంటే దిగడం కష్టం, నిన్న దిగుడు వచ్చినప్పుడల్లా నా కాళ్లు వణికాయి. అన్నీ నా పక్కన కూర్చుని, నా వంక చూస్తూ చెప్పావు. నాకు కోపం వచ్చింది. గంటసేపు నీతో మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి మబ్బు విడిపోయింది. చుక్క వాన పడలేదు. దిగుతూ వెనక్కి చూస్తే కనుమ మీద ఎండ. నువ్వు కూడా చూశావు, ఏమీ అనలేదు. వాన పడి ఉంటే నువ్వు చెప్పింది నిజమని అందరం అనేవాళ్లం. పడకపోయినా నువ్వు చెప్పిందే సరైనది. ఆ పొద్దున మన చేతిలో ఉన్న సంగతులతో అంతకంటే మంచి నిర్ణయం లేదు. చివరి మైలు నన్ను నువ్వు దాదాపు పట్టుకునే దింపావు.

నాకు ఆ గంటసేపట్లో గుర్తొచ్చింది ఏమిటో చెప్పనా? నీ ఇంజినీరింగ్ రెండో ఏడు. ఎన్‌సీసీ ట్రెక్కింగ్ క్యాంపు ఫారం తెచ్చి, తల్లిదండ్రుల సంతకం అన్నచోట వేలు పెట్టి చూపించావు. నేను పేపరు దించకుండానే వద్దన్నాను. ఎందుకు అన్నావు. వద్దంటే వద్దు అన్నాను. ఆ నెల్లోనే అన్నయ్య స్నేహితులతో గోవా వెళ్తానంటే డబ్బులిచ్చి పంపాను. నువ్వు ఆ ఫారం మడిచి పుస్తకంలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయావు. ఏడవలేదు. అందుకే నేను మర్చిపోయాను.

నువ్వు నన్ను వద్దన్నప్పుడు నాలుగు కారణాలు చెప్పావు. నేను నిన్ను వద్దన్నప్పుడు ఒక్కటీ చెప్పలేదు, ఎందుకంటే నా దగ్గర లేదు. నువ్వు ఆడపిల్లవన్న భయం తప్ప ఇంకేం లేదు. ఆ సంతకం పెట్టాల్సింది, అమ్మలూ. తప్పు నాదే. నిన్ను ఇక చాలు అనడానికి వచ్చినవాణ్ని, ఆ మాట ఇక నా నోట రాదు.

ఒక్కటి అడుగుతాను. మనం వెళ్లిన రెండు రోజులూ మీ ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉందట. తిరిగొచ్చాక అమ్మ చూపించింది. ఏ దారి, ఎక్కడ పడుకుంటాం, కారు నంబరు, ఆదివారం రాత్రి 8 లోపు ఫోన్ రాకపోతే షెరిఫ్ ఆఫీసుకు, అంటే అక్కడి పోలీసులకు, ఫోన్ చేసి ఏం చెప్పాలి, అన్నీ అమ్మ కోసం తెలుగులో రాసిపెట్టావు. దాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదట. ఆ కాగితం అమ్మ మడిచి తెచ్చుకుంది, దేవుడి గూట్లో ఉంది. ఇకనుంచి వెళ్లే ప్రతిసారీ అలాంటిది రాసి నాకు కూడా పంపు. సిగ్నల్ లేని చోటు నుంచి మెసేజ్ పంపే శాటిలైట్ పరికరం ఒకటి ఉంటుందన్నావు కదా, అది కొనుక్కో. డబ్బులు నేను పంపుతాను, కాదనకు.

నీకు ఆదివారం రాత్రి 8 అంటే నాకు సోమవారం పొద్దున 8:30. నవంబరులో మీ గడియారాలు వెనక్కి తిప్పాక 9:30. రెండూ క్యాలెండరు మీద రాసిపెట్టాను. కాఫీ తాగి ఫోన్ పక్కన కూర్చుంటాను.

నీ నాన్న