ఎడిటింగ్ కోర్సుల్లో ఆడియో పంపడం కూడా నేర్పండి

సంపాదకులు గారికి,

వీడియో ఎడిటింగ్ నేర్పించి ఉపాధి చూపిస్తామని శిక్షణ కేంద్రాల ప్రకటనలు పత్రికల్లో తరచూ చూస్తున్నాను, సంతోషమే. కానీ ఆ కోర్సులు చేసి వచ్చిన పిల్లల్లో చాలామందికి ఎడిట్ అయిపోయాక ఆడియోని మిక్సింగ్‌కి, అంటే మాట, మ్యూజిక్, ఎఫెక్టుల స్థాయిలు సరిచేసి కలిపే పనికి, ఎలా పంపాలో తెలియట్లేదు. నేను కృష్ణానగర్‌లో సౌండ్ పని చేసుకునేవాణ్ణి, వాళ్లు తెచ్చే హార్డ్ డిస్కులు తెరిచేది మాలాంటివాళ్లమే.

తెరిస్తే ఒకే ఒక్క స్టీరియో ఫైలు! మాటలు, మ్యూజిక్, రోడ్డు మీది హారన్లు అన్నీ అందులోనే. "మాట కొంచెం పెంచండి సార్, మ్యూజిక్ తగ్గించండి" అంటారు. కలిపేసిన పులిహోరలోంచి చింతపండు తీయమన్నట్టు ఉంటుంది. ఏఐతో విడగొట్టొచ్చు కదా అంటారు గానీ, అలా లాగిన మాట ఫోన్‌లో బాగానే ఉన్నా థియేటర్లో దొరికిపోతుంది. పైగా రేపు ఆ సినిమాని హిందీలోకో తమిళంలోకో డబ్ చేయాలంటే మాటలు లేని మ్యూజిక్, ఎఫెక్ట్స్ ట్రాక్ ఎక్కణ్ణుంచి తేవాలి? నష్టపోయేది అప్పు చేసి సినిమా తీసిన చిన్న నిర్మాతే.

పద్ధతి అంత కష్టమైందేమీ కాదు. ప్రీమియర్, డావిన్చి రిజాల్వ్, అవిడ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మూడింట్లోనూ ఏఏఎఫ్ (ఆడియో ముక్కలన్నిటినీ వాటి చోట్లతో సహా పంపే ఫైలు) ఎక్స్‌పోర్ట్ ఉంది, దాన్ని మేం వాడే సౌండ్ సాఫ్ట్‌వేర్ ప్రోటూల్స్‌లో తెరిస్తే ప్రతి ముక్కా ట్రాకుల వారీగా తన చోటే ఉంటుంది. అలాంటిదే పాత ఫైలు రకం ఓఎంఎఫ్ కూడా నడుస్తుంది, కాకపోతే ఆడియోని లోపలే పెడితే 2 జీబీ దాటకూడదు. ఫైనల్ కట్ వాళ్లయితే ఎడిట్ వివరాలుండే ఎక్స్‌ఎంఎల్ ఫైలు తీసి వేరే సాఫ్ట్‌వేర్‌తో ఏఏఎఫ్‌గా మార్చుకోవాలి. ఇదంతా ఒక పూటలో నేర్పొచ్చు.

ఆ తర్వాతి విషయాలకే టైమ్ పడుతుంది. కట్‌కి ముందూ వెనకా రెండు మూడు సెకన్ల హ్యాండిల్, అంటే అదనపు ఆడియో, పెట్టకపోతే మేం ఫేడ్ వేయడానికి కూడా జాగా ఉండదు. ఎడిటర్ సౌండ్‌కి వేసిన ప్లగిన్ ఎఫెక్టులు చాలావరకు మా దగ్గరికి రావు, అందుకే అతను విన్న సౌండ్‌తో ఒక రెఫరెన్స్ వీడియో, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కీ ఉండే సమయం అంకె) తెర మీద కనిపించేలా, ఇవ్వాలి. ఫ్రేమ్ రేట్ సంగతైతే చెప్పక్కర్లేదు. సెకనుకు 23.976 ఫ్రేముల్లో ఎడిట్ చేసిన పిక్చర్‌ని, ఫ్రేములు అవే ఉంచి, 24 వేగంతో నడిపితే గంటకు 3.6 సెకన్లు, రెండున్నర గంటల సినిమాకి 9 సెకన్లు జారిపోతుంది, పెదాలొకచోట మాటొకచోట. ఇప్పుడు సింక్ సౌండ్‌తో, అంటే షూటింగ్‌లోనే మాట రికార్డ్ చేసి, తీసే తెలుగు సినిమాలు పెరుగుతున్నాయి కాబట్టి ఇంకో మాట: రికార్డిస్ట్ బూమ్‌కీ (కర్రకు కట్టి నటుల పైన పట్టుకునే మైక్), ప్రతి నటుడి కాలర్ మైక్‌కీ విడివిడిగా ట్రాకులు ఇస్తాడు, ఎడిటర్ సౌకర్యం కోసం మిక్స్ ట్రాక్ ఒక్కటే ఉంచుకుని ఫైళ్ల పేర్లు కూడా మార్చేస్తే మిగతా మైకులు వెతుక్కోవడానికే మాకు రోజులు పడుతుంది. (దానికి డబ్బులెవరూ ఇవ్వరు లెండి.)

శిక్షణ కేంద్రాలు, ముఖ్యంగా ప్రభుత్వ డబ్బుతో నడిచేవి, సిలబస్‌లో దీనికి కొన్ని రోజులు కేటాయించాలి. ఫిల్మ్ ఛాంబరూ, ఎడిటర్ల, సౌండ్ వాళ్ల సంఘాలూ కూర్చుని, ఏమేం ఇవ్వాలో తెలుగులో ఒక్క పేజీ రాసి అందరికీ పంచితే ఇంకా మంచిది. పరీక్షలో కూడా వీడియో ఒక్కటే చూసి మార్కులు వేయకుండా ఏఏఎఫ్ కూడా అడిగి, దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే సర్టిఫికెట్ ఇవ్వండి.

— ఒక సౌండ్ ఎడిటర్, కృష్ణానగర్, హైదరాబాద్