సిమెంట్ బిగిసేదాకా ఆగండి, గేజ్ లెక్క ఊరికి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కోనసీమ గ్యాస్ బావుల భద్రత గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు వదలకుండా చదువుతాను. మంట లేచినప్పుడు ఊరూవాడా దాని గురించే మాట్లాడుకుంటాం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి 65 రోజులు మండిన సంగతి మా తరం వాళ్లెవరూ మరచిపోలేదు. అది డ్రిల్లింగ్ జరుగుతుండగా వచ్చిన బ్లోఅవుట్. నేను రాస్తున్నది అంత చప్పుడు చేయని ప్రమాదం గురించి. డ్రిల్లింగ్ అయిపోతుంది, కేసింగ్ అనే ఉక్కు పైపు దించుతారు, దాని చుట్టూ సిమెంట్ పంపుతారు, కాగితాల మీద సంతకాలు అయిపోతాయి. ఆ సిమెంట్‌లో ఎక్కడో సన్నటి దారి చేసుకుని గ్యాస్ పైకి పాకుతూనే ఉంటుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిస్తే గానీ అది బయటపడదు.

శ్రీకాకుళం జిల్లాలో గ్యాస్ తీసే బావి లేదు కదా, మీకెందుకీ గొడవ అని ఎవరైనా అడగొచ్చు. సోంపేట, కంచిలి, మందస వైపు నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన మా కుర్రాళ్లు కోనసీమ రిగ్గుల మీద ఉన్నారు, గుజరాత్‌లోని మెహసానాలో ఉన్నారు, గల్ఫ్‌లో ఉన్నారు. నేనూ అలా వెళ్లినవాణ్నే. చాలా ఏళ్లు సిమెంటింగ్ యూనిట్ మీద పనిచేసి ఇప్పుడు ఊళ్లో ఉంటున్నాను. బావి దగ్గర తేడా వస్తే ముందు బలయ్యేది రిగ్ మీదున్న ఈ పిల్లలే. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల బోరు నీళ్లు తాగేవాళ్లు. తాగే నీళ్ల మీద అనుమానం వస్తే బతుకు ఎలా ఉంటుందో మా ఉద్దానం మనుషులకి ఒకరు చెప్పక్కర్లేదు.

సిమెంట్ పోశాక కూడా గ్యాస్ ఎలా వస్తుందో నాకు తెలిసిన మాటల్లో చెబుతాను. కేసింగ్‌కీ చుట్టూ ఉన్న రాతికీ మధ్య ఖాళీని మేం యాన్యులస్ అంటాం. అందులోకి పంపిన స్లర్రీ, అంటే నీళ్లతో కలిపిన సిమెంట్, పల్చగా ఉన్నంతసేపు తన బరువుతోనే గ్యాస్‌ను తొక్కిపెట్టి ఉంచుతుంది. లీటరు 1.9 కిలోలు తూగే స్లర్రీ వెయ్యి మీటర్ల ఎత్తున నిలబడితే అడుగున చదరపు సెంటీమీటరుకు 190 కిలోల ఒత్తిడి ఉంటుంది. కాసేపటికి అది చిక్కబడి, ఇటు పైపునీ అటు రాతినీ పట్టుకుని వేలాడటం మొదలుపెడుతుంది. అలా పట్టుకున్నాక దాని బరువు పూర్తిగా కిందికి దిగదు. అడుగున ఒత్తిడి తగ్గుతూ తగ్గుతూ ఉత్త నీళ్లు నిలబెడితే ఎంత ఉంటుందో అంతకి, అంటే 100 కిలోల దగ్గరికి వచ్చేస్తుంది. స్లర్రీలోని నీరు రాతిలోకి ఇంకిపోతేనో, సిమెంట్ కుంచించుకుంటేనో ఇంకా పడిపోతుంది. ఆ రాతిపొరలో గ్యాస్ ఒత్తిడి 130 ఉందనుకోండి. పంపింగ్ ఆపిన క్షణాన అది కదల్లేదు. ఇప్పుడు కదులుతుంది. సిమెంట్ ద్రవంగానూ లేక, రాయిగానూ మారక పచ్చిగా ఉన్న ఆ సమయంలోనే గ్యాస్ లోపలికి దూరి పైకి దారి చేసుకుంటుంది. తర్వాత సిమెంట్ ఎంత గట్టిగా బిగిసినా ఆ దారి మూసుకుపోదు.

ఈ పచ్చి దశ ఎంత చిన్నదైతే అంత క్షేమం. అది 45 నిమిషాలు దాటకుండా స్లర్రీ తయారు చేసుకోవాలని అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 65-2 ప్రమాణం చెబుతుంది. దానికి కావలసిన సరుకంతా ఉంది: నీరు ఇంకిపోకుండా ఆపే కెమికల్స్, లేటెక్స్, ఒక్కసారిగా బిగిసేలా చేసే మిశ్రమాలు, బిగిసేటప్పుడు కాస్త ఉబ్బే రకాలు. వేడి 110 డిగ్రీలు దాటే బావిలో సిలికా పొడి 35 నుంచి 40 శాతం కలపకపోతే బిగిసిన సిమెంట్ కూడా బలం కోల్పోతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో లోతైన బావులు ఆ వేడిని ఎప్పుడో దాటేశాయి. వీటన్నిటికన్నా ముందు, డ్రిల్లింగ్‌కి వాడిన బురదలాంటి మడ్‌ను స్పేసర్ అనే ద్రవంతో శుభ్రంగా కడిగి, పైపు చుట్టూ తొడిగే సెంట్రలైజర్లతో పైపుని నడిమధ్య నిలబెట్టాలి. పైపు ఒక పక్కకి ఒరిగితే ఇరుకు వైపు మడ్ అలాగే ఉండిపోతుంది. అక్కడికి ఎంత ఖరీదైన సిమెంట్ పంపినా చేరదు.

ఇవన్నీ ఇంజనీర్లకు తెలుసు, మాకూ తెలుసు. పని చెడేది ఎక్కువగా తొందర వల్ల. పంపింగ్ చేస్తూ స్లర్రీని ప్లాస్టిక్ కప్పుల్లో పట్టి యూనిట్ పక్కన వరసగా పెడతాం. కొన్ని గంటలయ్యాక ఎవరో వచ్చి బొటనవేలితో నొక్కుతారు. వేలు దిగకపోతే "సెట్ అయిపోయింది, పని మొదలుపెట్టండి" అంటారు. ఇది నేను కళ్లారా చూశాను. ఎండలో ఉన్న ఆ కప్పు, బావిలో సిమెంట్ సంగతి ఏం చెబుతుంది? అడుగున ఉండే వేడికి ముందే గట్టిపడకుండా రిటార్డర్ కలుపుతారు. అదే స్లర్రీ పైన చల్లగా ఉన్న చోట ఇంకా చాలా గంటలు బిగియకుండానే ఉండొచ్చు. ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో ల్యాబ్‌లో చేసిన పరీక్షను నమ్మాలి గానీ కప్పుని కాదు. స్లాబ్ కింద సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో మా ఊరి తాపీమేస్త్రికి తెలుసు, ఇంటాయన ఎంత సతాయించినా ముందు విప్పడు. రిగ్ మీద మాత్రం అద్దె రోజుకి లక్షల్లో ఉంటుంది కాబట్టి ప్రతి గంటా అందరికీ టెన్షనే. ఆగుదాం అన్నవాడు చెడ్డవాడైపోతాడు.

ఆ తొందర ఎక్కడికి తీసుకెళ్తుందో ప్రపంచం చూసింది. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మకాండో బావి పేలి 11 మంది చనిపోయారు. ఆ బావికి 21 సెంట్రలైజర్లు కావాలని లెక్క తేలినా ఆరింటితో సరిపెట్టారు. సిమెంట్ పట్టు ఎలా ఉందో చూసే బాండ్ లాగ్ కోసం వచ్చిన మనుషుల్ని ఆ ఉదయమే వెనక్కి పంపేశారు. అడుగున సిమెంట్ గ్యాస్‌ను ఆపలేకపోయింది.

అది సముద్రం. ఊరి మధ్య సంగతి చెప్పాలంటే, 2007 డిసెంబరులో అమెరికా ఒహాయో రాష్ట్రంలో బైన్‌బ్రిడ్జ్ అనే చోట ఒక ఇల్లు పేలింది. ఇంట్లో ఉన్న ఇద్దరూ అదృష్టం కొద్దీ బతికారు. దగ్గర్లోని కొత్త గ్యాస్ బావికి సిమెంట్ సరిగ్గా పడలేదు. అది తెలిసీ పని ముందుకు నడిపించి, యాన్యులస్‌ను 31 రోజులు మూసి ఉంచారు. ఒత్తిడి పెరిగిపోయి గ్యాస్ భూగర్భ జలాల్లోకి, అక్కడి నుంచి ఇళ్లలోకి చేరిందని ప్రభుత్వ దర్యాప్తులో తేలింది. అన్ని రోజుల్లో ఒక్కసారి ఎవరైనా అక్కడి ఒత్తిడి గేజ్ అంకె చూసి ఊరివాళ్లకి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

నేను అడగదలచుకున్నది ఆ గేజ్ గురించే. బావి నోటి దగ్గర, అంటే వెల్‌హెడ్ పక్కన, యాన్యులస్ వాల్వుకి ఒత్తిడి చూపే గేజ్ ఒకటి ఉంటుంది. వాల్వు తెరిచి ఒత్తిడి వదిలేస్తే ముల్లు సున్నాకి పడాలి, వాల్వు మూశాక అక్కడే ఉండాలి. మూసిన కొన్ని గంటల్లో మళ్లీ పైకి లేచిందంటే కింది నుంచి ఏదో వస్తోందని అర్థం. చదవడానికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు. మొదట్లో బాగున్న సిమెంట్ కూడా ఏళ్ల తరబడి వేడీ ఒత్తిడీ మారుతుంటే పైపు నుంచి వెంట్రుక మందాన విడిపోవచ్చు. కాబట్టి బావి కొత్తదైనా పాతదైనా ఈ చూపు ఆగకూడదు.

మన దేశంలో చట్టం లేదని కాదు. 2017 నాటి ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ ఉన్నాయి, గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ ఉంది, ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ ఉంది. కానీ బావి పక్కన బతికే రైతుకి ఆ గేజ్ అంకె చెప్పడం నేను పనిచేసిన ఏ చోటా చూడలేదు. ప్రతి బావికీ సిమెంట్ ఎప్పుడు వేశారు, ఎన్ని గంటలు ఆగారు, బాండ్ లాగ్‌లో ఏం తేలింది, ఈ నెల యాన్యులస్ ఒత్తిడి ఎంత అన్నది తెలుగులో ఒక్క కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాలి. ఇందులో వ్యాపార రహస్యం ఏమీ లేదు. చుట్టుపక్కల బోర్ల నీళ్లలో మీథేన్ ఉందో లేదో డ్రిల్లింగ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఏటా పరీక్ష చేయించాలి. ముందు లెక్క లేకపోతే తర్వాత లెక్కకి విలువుండదు.

ఇంకొకటి. సిమెంట్ బిగియలేదని చెప్పి పని ఆపిన కాంట్రాక్ట్ కుర్రాడికి ఆ నెల జీతం కోయకూడదని, మర్నాడు ఇంటికి పంపకూడదని కాంట్రాక్టులోనే రాయాలి. మా ఊళ్ల నుంచి వెళ్లే పిల్లలు ఈ భయంతోనే నోరు విప్పరు. గేజ్ లెక్క, నీటి పరీక్ష ఊరికి చెప్పే ఈ పనిని కోనసీమలోని పాత బావులతో మొదలుపెట్టమని పెట్రోలియం శాఖనీ, అక్కడి జిల్లా యంత్రాంగాన్నీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ సిమెంటింగ్ ఆపరేటర్,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా