గడ్డపార అడిగితే గౌన్లు ఇచ్చాం

ఎడిటర్ గారికి నమస్కారం.

2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నర కావస్తుండగా మా వంటింటి గూట్లో గ్లాసులు గలగలమన్నాయి. నేనే ఏదో తగిలించానని మా ఆవిడ కేకలేసింది. ములుగు వైపు 5.3 తీవ్రతతో భూకంపమని టీవీలో వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ జనమంతా సెల్లార్‌లో చేరి ఫోన్లు మాట్లాడుకుంటున్నారు (భూకంపమొస్తే సెల్లార్‌లోకి దిగడం ఏం తెలివో నాకు అర్థం కాలేదు). ఆ రోజు నుంచి ఎక్కడ చూసినా ఒకటే చర్చ, భూకంప ముప్పు లెక్కలో విజయవాడ జోన్ 3లో ఉంది కదా, మన బిల్డింగులు తట్టుకుంటాయా అని. అడగాల్సిందే. కానీ 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, రేపు అంతకంటే పెద్దది ఏదో ఒక మారుమూల ఊరి కింద వస్తే మనం ఏం పంపుతాం, ఎక్కడిదాకా పంపుతాం అన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. మన పక్కనే కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పదో బెటాలియన్ ఉంది, శిథిలాల కింద నుంచి మనుషుల్ని తీసే పని వాళ్ళు చూసుకుంటారు. నా టెన్షనంతా ఆ తర్వాతి పని గురించే.

నేను 1993 అక్టోబరులో మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి వెళ్ళినవాణ్ణి. లాతూరు భూకంపం పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగు కాకముందు, వినాయక నిమజ్జనం చేసొచ్చి ఊళ్ళన్నీ ఒళ్ళు మరిచి నిద్రపోతున్న వేళ. దాదాపు 10,000 మంది పోయారు. నిజానికి అది మరీ పెద్ద భూకంపం కాదు, 6.2 అటూ ఇటూ. జనాన్ని చంపింది ఇళ్ళు. బురదతో పేర్చిన లావుపాటి రాతి గోడలు, కర్ర దూలాల పైన ఎండకు చల్లగా ఉంటుందని ఏటా ఇంత మట్టి కప్పుకుంటూ పోయిన మిద్దెలు. అదంతా ఒక్కసారి మీద పడింది.

మా వీధి కుర్రాళ్ళం ఇల్లిల్లూ తిరిగి రెండు రోజుల్లో లారీ నింపేశాం. అప్పటి తొమ్మిదో నంబరు హైవే బందరు నుంచి మన ఊరు, హైదరాబాదు మీదుగా షోలాపూర్, పుణె దాకా పోయేది. దాని మీదే ఉమర్గా దాకా పోతే అక్కడి నుంచి కిల్లారి దగ్గరే, కాబట్టి దారి వెతుక్కునే పని లేదు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. మాలాంటి లారీలన్నీ ఆ రోడ్డు పట్టుకునే వచ్చాయి, తారురోడ్డు పక్కనున్న ఊళ్ళ దగ్గరే ఆగిపోయాయి.

ఒక పెద్దావిడ మా లారీ దగ్గరికొచ్చి రెండు చేతులతో తవ్వుతున్నట్టు చూపిస్తూ ఏదో అడిగింది. ఆ రూట్లో తిరిగి తిరిగి మా డ్రైవర్‌కు కాస్త మరాఠీ వచ్చు. "గడ్డపార ఉందా అంటోందిరా" అన్నాడు. ఇంటి కింద పాతరలో జొన్నలున్నాయట, గోడ రాళ్ళు పడి మూసుకుపోయిందట, వాన నీళ్ళు దిగితే అన్నీ మొలకెత్తిపోతాయట. మా దగ్గర గడ్డపార లేదు. పిల్లల గౌన్లున్నాయి, జరీ ఊడిన పట్టుచీరలున్నాయి, జత లేని చెప్పులున్నాయి, బియ్యం ఉన్నాయి. వాళ్ళు తినేదేమో జొన్నరొట్టె. ఏం చేయాలో తెలియక ఆవిడ చేతిలో ఒక చీర పెట్టాం. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రాళ్ళ మీద పరుచుకుని కూర్చుంది. చివరికి డ్రైవరే జాకీ రాడ్డు తీసి ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో జహీరాబాద్ దగ్గర టైరు పంక్చరైతే ఆ రాడ్డు లేక సగం రాత్రి రోడ్డు మీదే ఉన్నాం, అది వేరే కథ.

ముప్పై ఏళ్ళలో మనం మారామా అంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన మీద పడ్డప్పుడు చూశాం కదా. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పులిహోర పొట్లాలు గుట్టలు పడి పాచిపోతుంటే, నాలుగు వీధులు లోపల మా చెల్లెలు రెండు రోజులు మేడ మీద నిలబడి పాలప్యాకెట్ కోసం ఎదురుచూసింది. బోట్లు, డ్రోన్లు ఉన్న నగరంలోనే ఇట్లా అయితే, వాగు దాటితే గానీ చేరలేని ములుగు జిల్లా ఏటూరునాగారం గూడేలకు ఎవరు వెళ్తారు? గూడెంలో తడికె గోడల ఇల్లు కూలినా మనిషి బతుకుతాడు. బతికాక ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే సమస్య.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 వచ్చింది, దాదాపు 9,000 మంది చనిపోయారు. ఆ రోజు శనివారం, అక్కడ బడికి సెలవు, లేకపోతే ఇంకెంతమంది పిల్లలు పోయేవారో. గోర్ఖా, సింధుపాల్‌చోక్ కొండల్లో చాలా ఊళ్ళకు రోడ్డే లేదు, ఉన్న రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి, నెలన్నరలో వానాకాలం. అప్పుడు వాళ్ళకు కావాల్సింది ఇనుప రేకులు. రేకులు చేతికొస్తే కూలిన ఇంటి కర్రలేరుకుని వాళ్ళే నీడ వేసుకుంటారు, తర్వాత అవే రేకులు కొత్త ఇంటికీ పనికొస్తాయి. ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం 3 లక్షల నేపాలీ రూపాయలు విడతలుగా ఇచ్చింది గానీ భూమి కాగితం చూపమంది, కాగితం లేని కూలీలు మొదట్లో లిస్టులోనే లేరు. బుడమేరు తర్వాత కింది ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుకు 10,000 సాయం ఇస్తామన్నప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నామని నిరూపించుకోవడానికి మా చెల్లెలి పక్కవాటాలో అద్దెకున్నవాళ్ళు ఎన్ని క్యూల్లో నిలబడ్డారో నాకు తెలుసు. చెరువు గట్టు మీద గుడిసె వేసుకున్నవాడు ఏ కాగితం తెస్తాడు?

మీరు చేయగలిగింది ఒకటుంది. అలాంటి రోజు వస్తే, చెక్కు పట్టుకున్న దాతల ఫొటోలు వేసే పేజీలోనే, ఏ ఊరికి ఏం కావాలో ఆ ఊరివాళ్ళనే అడిగి రోజూ వేయండి. ఫలానా తండా, నలభై ఇళ్ళు, బియ్యం సరిపడా వచ్చాయి, తార్పాలిన్లు, తాళ్ళు, గడ్డపారలు, పశువులకు గడ్డి కావాలి, ఆడవాళ్ళకు ప్యాడ్లు, రాత్రిపూట బయటికెళ్ళడానికి టార్చిలైట్లు కావాలి, చివరి మూడు కిలోమీటర్లు లారీ పోదు, ట్రాక్టర్ మాట్లాడుకోండి, ఇట్లా. నిన్న కావాలన్నది ఇవాళ అందితే ఆ పేరు కొట్టేసి ఇంకో ఊరు వేయండి.

పాత బట్టలు వద్దని కూడా వేయండి, పెద్ద అక్షరాల్లో. ములుగు వార్త చూసిన మర్నాడే మా ఆవిడ అటక మీద ఒక మూట కట్టి సిద్ధంగా పెట్టింది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ