బీటలు పూడ్చేముందు ఒక్క సాయంత్రం ఆగండి

సంపాదకులకు నమస్కారం.

మాది అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పల్లె. కంది, వేరుశనగ పండించుకుంటాం. ఊరి చివర పాత రాతిగుడిలో సందెదీపం పెట్టే పని మా అత్తగారి తర్వాత నాకు వచ్చింది. ఇరవై ఆరేళ్ళయింది. దీపం వెలిగించి బయటికి వచ్చేసరికి మండపం పైకప్పు సందుల్లోంచి గబ్బిలాలు ఒక్కొక్కటే జారేవి. రాయి పడ్డట్టు కిందికి పడి, అక్కడి నుంచి రివ్వున లేచి కోట కొండ వైపు వెళ్ళిపోయేవి.

మొన్న వైశాఖంలో గుడికి మరమ్మతులు చేశారు. వాన నీరు దిగుతోందని బీటలన్నిటికీ సిమెంటు పెట్టించారు. మరమ్మతు కావలసిందే, కాదనను. కానీ పని జరిగింది పట్టపగలు, అవి లోపల నిద్రపోయే వేళ. ఆ సాయంత్రం ఒక్కటీ బయటికి రాలేదు. బండ వెనక నుంచి కిచకిచలు, గోళ్ళతో గీకుతున్న చప్పుడు వినిపించాయి. బేల్దారిని బతిమాలితే మర్నాడు ఒకచోట ఉలితో కొట్టి తీశాడు. ఏడు బయటపడ్డాయి. మిగతా బీటల్లో చప్పుడు మూడో రాత్రికి ఆగిపోయింది.

ఆ ఏడింటిలో ఒకటి నేల మీద పడి లేవలేకపోయింది. గబ్బిలాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, కరిస్తే ప్రమాదం. మందపాటి తువ్వాలు మడతలో ఎత్తాను. మధ్యవేలంత ఒళ్ళు, పొట్టి బొచ్చు, కళ్ళ మీదికి వంగిన చెవులు. తోక రెక్కల చర్మం దాటి ఎలుక తోకలా బయటికి వచ్చి ఉంది. జంతుశాస్త్రం చదువుతున్న మా మనవరాలికి ఫోటో పంపితే, ఆ తోకను బట్టే ఇది ‘ఫ్రీ టెయిల్డ్’, అంటే తోక విడిగా ఉండే గబ్బిలాల కుటుంబానిదని చెప్పింది. వీటి రెక్కలు సన్నగా, పొడవుగా ఉంటాయట. చాలా ఎత్తున, వేగంగా ఎగరగలవు కానీ నేల మీద నుంచి లేవడం కష్టం, ఎత్తు నుంచి జారితేనే గాలి అందుతుంది. స్తంభం మీద పెట్టాను. పైకి పాకి, జారి, వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నదానికి అర్థం ఆ రోజు తెలిసింది.

ఇవి పండ్లు తినేవి కావు. మండపంలో రాలిన పెంటికలను ఎలుకలవి అనుకుని ఊడ్చేదాన్ని. పుల్లతో నలిపి చూస్తే పొడి పొడిగా రాలి, పురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమన్నాయి. అమెరికాలోని టెక్సాస్‌లో ఈ కుటుంబానికే చెందిన గబ్బిలాలు పత్తి కాయలు తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగులను తింటాయి. మన కందికాయలు తొలిచే శనగపచ్చ పురుగుకు అది దగ్గరి చుట్టం. ఒక్క ఆడ రెక్కల పురుగు వందల గుడ్లు పెడుతుంది. మందు కొట్టి అలసిపోయిన రైతుకు వాటిని తినే గబ్బిలం విలువ వేరే చెప్పాలా? అక్కడి ఆస్టిన్ నగరంలో 1980లో బాగుచేసిన వంతెన అడుగు సందుల్లో ఇప్పుడు పదిహేను లక్షల దాకా గబ్బిలాలు ఉంటాయి. మొదట్లో తరిమేయాలన్న ఊరివారే ఇప్పుడు సాయంత్రం వాటిని చూడటానికి వంతెన మీద గుమిగూడుతున్నారు. గబ్బిలం దూరితే ఇంటికి అరిష్టమని నాకూ చిన్నప్పుడు చెప్పారు. నేను నమ్మను.

గుళ్ళూ కోటగోడలూ బాగుచేయించే వారికి నా మనవి. సిమెంటు కలపకముందు ఒక్క సందెవేళ ఆ గోడ ముందు నిలబడి చూడండి. గబ్బిలాలు వస్తున్న బీట మీద సన్నకళ్ళ వలను పైన బిగించి, కింద వదులుగా వేలాడదీస్తే అవి జారి బయటికి పోతాయి, తిరిగి దూరలేవు. నాలుగైదు రాత్రులు చూసి అప్పుడు పూడ్చండి. పిల్లలున్నప్పుడు మాత్రం ఇదీ చేయకూడదు, ఎగరలేని పిల్ల లోపలే మిగిలిపోతుంది. ఏడాదికి తల్లికి ఒక్కటే పిల్ల. నీరు దిగని చోట ఒకటి రెండు సందులు వదిలేస్తే గుడికి నష్టమేమీ లేదు.

మా గుడి దక్షిణం వైపు పని ఇంకా మిగిలి ఉంది, దీపావళి తర్వాత మొదలుపెడతారట. నిన్న సాయంత్రం ఆ వైపు సందులోంచి పదకొండు బయటికి వచ్చాయి. పని పెట్టుకునే ముందు రోజు నాకు చెబితే చాలు, దీపం వేళకు నేనే దగ్గరుండి చూపిస్తాను.

— ఒక రైతు, గుత్తి మండలం, అనంతపురం జిల్లా